కొలోన్ చూసేశాక సగ్రడా ఫామిలియాకి మళ్లీ టికెట్ పెట్టాలా? అమ్మగారితో, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకి నా సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీరు జర్మనీలో ఉంటారు, కరీంనగర్ నుంచి అమ్మగారు వచ్చారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు, పిల్లలకి తొమ్మిదేళ్లు, నాలుగేళ్లు, జూన్‌లో మూడు రోజులు బార్సిలోనా. కొలోన్ కేథడ్రల్ డబ్బు పెట్టకుండానే చూసొచ్చాం కదా, సగ్రడా ఫామిలియా అనే ఇంకో చర్చికి మనిషికి 26 యూరోలు పెట్టడం అవసరమా, పెడితే టవర్ కూడా ఎక్కాలా, ఏ టైంకి వెళ్లాలి, చీరతో రానిస్తారా, మేం హిందువులం కదా ఏమన్నా అంటారా అని.

ముందే సూటిగా చెప్పేస్తా. వెళ్లండి. టవర్ వద్దు. సాయంత్రం అయిదు, అయిదున్నర స్లాట్ తీసుకోండి. లోపలికి వెళ్లాక తిరగడం తగ్గించి కనీసం అరగంట కూర్చోండి. చీర శుభ్రంగా కట్టుకుని రావచ్చు, ఏ మతం అని ఎవరూ అడగరు. మిగతాదంతా ఇలా ఎందుకు చెప్తున్నానో వివరం, తీరిక ఉంటే చదవండి.

నేను హైదరాబాద్ నుంచి యూరప్‌కి ఫ్యామిలీ గ్రూపుల్ని తీసుకెళ్లే టూర్ మేనేజర్‌ని, చాలా ఏళ్లుగా ఇదే పని. నా గ్రూపుల్లో సగం మంది అరవై దాటినవాళ్లే, పిల్లలు రమ్మంటే వచ్చినవాళ్లు, రిటైరయ్యాక సరదాగా బయల్దేరినవాళ్లు. వాళ్లతో తిరిగి తిరిగి నాకు బాగా తెలిసొచ్చింది ఏంటంటే ఈ చర్చిలో విసుగు పుట్టేది చర్చి వల్ల కాదు, అన్నీ చూసేయాలన్న హడావుడి వల్ల. గంటలో నాలుగు వైపులా తిరిగి, టవరెక్కి, మ్యూజియం చూసి, రెండొందల ఫోటోలు తీసి బయటికొచ్చిన కుటుంబానికి హోటల్‌కి చేరాక ఏం గుర్తుందని అడిగితే కాళ్ల నొప్పులు గుర్తుంటాయి. అదే ఒక ముఖద్వారం నిదానంగా చూసి, లోపల ఒక చోట కూర్చుని వెలుగు చూసిన పెద్దవాళ్లు ఊరెళ్లాక కూడా ఫోన్ చేసి దాని గురించే మాట్లాడతారు.

కొలోన్‌కీ దీనికీ తేడా ఏంటి

న్యాయమైన ప్రశ్న. కొలోన్ కేథడ్రల్ 1248లో మొదలుపెట్టి 1880లో పూర్తి చేశారు. అది పూర్తయిన రెండేళ్లకి, 1882 మార్చి 19న, బార్సిలోనాలో దీనికి శంకుస్థాపన జరిగింది. కాబట్టి మీరు చూసింది పాత గోథిక్, అంటే మధ్యయుగాల యూరప్ చర్చిల పద్ధతి, చూడబోయేది అక్కణ్ణుంచి బయల్దేరి పూర్తిగా ఇంకో దారి పట్టిన కట్టడం. మొదటి ఆర్కిటెక్ట్ మామూలు గోథిక్ ప్లానే వేశాడు, మరుసటి ఏడు 1883లో ఆంటోనీ గౌడీ చేతికొచ్చింది, అప్పటికి ఆయనకి ముప్పై ఒకటో ఏడు. 1926లో చనిపోయేదాకా, అంటే నలభై మూడేళ్లు, ఆయన దీన్ని వదల్లేదు.

కొలోన్‌లో బయట గోడలకి పక్కటెముకల్లాగా రాతి ఊతలు చూసుంటారు, ఎత్తయిన గోడలు బయటికి పడిపోకుండా ఆపేవి అవే. గౌడీకి అవి నచ్చలేదు. బరువు దిగే దారిలోనే స్తంభాన్ని వాల్చేస్తే బయట ఊత ఎందుకు అన్నది ఆయన లెక్క. అందుకే లోపల స్తంభాలు కాస్త ఒరిగి ఉంటాయి, పైకెళ్లాక కొమ్మలుగా చీలి ఒక్కో కొమ్మ కప్పులో ఒక్కో ముక్కని మోస్తుంది. మొదట్లో నక్షత్రం ఆకారంలో మూలలు మూలలుగా ఉండే స్తంభం పైకి పోయేకొద్దీ మూలలు పెరిగి పెరిగి గుండ్రంగా అయిపోతుంది, పిల్లలకి చేత్తో తడిమి చూపించండి. నడిమి హాలు కప్పు 45 మీటర్ల ఎత్తు, మధ్యలో నాలుగు దారులు కలిసే చోట 60. రాయి కూడా ఒకటి కాదు, ఎక్కువ బరువు మోసే నాలుగు పెద్ద స్తంభాలు ముదురు ఎరుపు పోర్ఫిరీ రాయి, మిగతావి బసాల్టు, గ్రానైటు, ఇసుకరాయి, బరువుని బట్టి రాయి.

ఎత్తు సంగతి కూడా చెప్తా, మీరు జర్మనీలో ఉన్నారు కాబట్టి బాగుంటుంది. ప్రపంచంలో ఎత్తయిన చర్చి అన్న పేరు 1890 నుంచి మీ దగ్గరి ఉల్మ్ మిన్‌స్టర్‌కి ఉండేది, 161.5 మీటర్లు. 2025 అక్టోబర్ 30న సగ్రడా ఫామిలియా నడిమి గోపురం మీద శిలువ భాగం పెట్టడంతో 162.91 మీటర్లయి దాన్ని దాటేసింది. ఆ గోపురానికి అనుకున్న ఎత్తు 172.5 మీటర్లు. ఊళ్లో మోంజుయిక్ కొండ దీనికంటే కాస్త ఎత్తు, దేవుడు చేసిన కొండకంటే మనిషి కట్టింది ఎత్తు కాకూడదని గౌడీ ఉద్దేశం. ఈ మాట చెప్పినప్పుడు మన పెద్దవాళ్ల ముఖాలు చూడాలి, వెంటనే తలూపుతారు.

డబ్బు లెక్క

ఇది రాసేనాటికి మామూలు టికెట్ 26 యూరోలు, టవర్‌తో కలిపి 36. 11 ఏళ్ల లోపు పిల్లలకి ఫ్రీ, అంటే మీ ఇద్దరికీ డబ్బు లేదు, కానీ ఫ్రీయే కదా అని వదిలేయకుండా బుకింగ్‌లో వాళ్లని కూడా చేర్చాలి, చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. 65 దాటినవాళ్లకి తగ్గింపు ఉంది, అమ్మగారి పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోండి. అంటే అయిదుగురికి కట్టేది ముగ్గురికే, అందులోనూ ఒకటి తగ్గింపు టికెట్టు.

టికెట్లు వాళ్ల సొంత వెబ్‌సైట్, సగ్రడాఫామిలియా డాట్ ఆర్గ్‌లోనే తీసుకోండి. అక్కడికెళ్లి కౌంటర్‌లో కొందాం అనుకుంటే కుదరదు, అంతా ఆన్‌లైనే, ప్రతి టికెట్టుకీ ఒక టైం ఉంటుంది. జూన్ అంటే బాగా రద్దీ, మూడు నాలుగు వారాల ముందే తీసుకోకపోతే సాయంత్రం స్లాట్లు మిగలవు. టికెట్లో ఆడియో గైడ్ కలిపే ఉంటుంది, ఫోన్‌లో యాప్ వేసుకోవాలి, ఇయర్‌ఫోన్లు మీవే తెచ్చుకోవాలి. తెలుగు ఉండదు కాబట్టి అమ్మగారికి అది పెద్దగా పనికిరాదు, దానికి ఏం చెయ్యాలో కింద రాస్తున్నా.

ఈ డబ్బు ఎటు పోతుందో తెలిస్తే మీకు అంత బాధ ఉండదు. ఈ చర్చి మొదలైందే భక్తుల చందాలతో. జోసెప్ మరియా బొకబెల్లా అని ఒక పుస్తకాల వ్యాపారి, సెయింట్ జోసెఫ్ భక్తుల సంఘం పెట్టి, ఆ సంఘం తరఫున చందాలు పోగేసి స్థలం కొన్నాడు. ఇప్పటికీ కట్టుబడి ఖర్చు ప్రధానంగా మనలాంటివాళ్ల టికెట్ల మీదే నడుస్తోంది. మీరు వెళ్లినప్పుడు క్రేన్లు కనబడతాయి, ఫోటోలు పాడయ్యాయని తిట్టుకోకండి, ఆ క్రేన్ కదిలేది ఆ టికెట్ డబ్బుతోనే.

టైం ఎందుకు అంత ముఖ్యం

నా దృష్టిలో మొత్తం విజిట్‌లో మీరు తీసుకునే పెద్ద నిర్ణయం ఇదొక్కటే. రంగు అద్దాలు జొవాన్ విలా గ్రావ్ అనే కళాకారుడు చేసినవి. పొద్దు పొడిచే వైపు కిటికీలన్నీ నీలం, ఆకుపచ్చ. పొద్దు వాలే వైపువి పసుపు, నారింజ, ఎరుపు. పొద్దున తొమ్మిది పదింటికి వెళ్తే లోపలంతా చల్లటి నీలి ఆకుపచ్చ వెలుతురు, సాయంత్రం వెళ్తే ఎర్రటి వెలుతురు. మిట్టమధ్యాహ్నం పన్నెండు రెండు మధ్య వెళ్తే రెండూ సరిగ్గా కనబడవు, పైగా జనం. చాలామంది లంచ్ ముందు ఒక పని అయిపోతుందని సరిగ్గా ఆ టైంకే బుక్ చేస్తారు.

బార్సిలోనాలో జూన్‌లో సూర్యాస్తమయం రాత్రి తొమ్మిది దాటాకే. అందుకని సాయంత్రం అంటే మన లెక్కలో నాలుగు కాదు, అయిదు నుంచి ఆరున్నర. అదే డిసెంబర్‌లో వచ్చేవాళ్లకైతే మూడింటికే వెళ్లమని చెప్తా. వేసవిలో మామూలుగా రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంటుంది, ఆదివారం పొద్దున మాత్రం ఆలస్యంగా పదిన్నరకి తెరుస్తారు, శనివారాలు ఒక్కోసారి ముందే మూసేస్తారు, బుక్ చేసేటప్పుడు ఆ రోజు టైమింగ్ చూసుకోండి. మీ చిన్నమ్మాయో అబ్బాయో మధ్యాహ్నం పడుకునే అలవాటుంటే సాయంత్రం స్లాట్ ఇంకా మంచిది, నిద్ర లేచాక తీసుకురావచ్చు. ఒకవేళ అమ్మగారు పొద్దున్నే హుషారుగా ఉండి సాయంత్రానికి అలిసిపోయే మనిషైతే పొద్దున తొమ్మిది స్లాట్ తీసుకోండి, నీలం కూడా బాగుంటుంది, జనం కూడా తక్కువ. సాయంత్రం గొప్ప అని చెప్పి అలిసిపోయిన మనిషిని లాక్కురావడం వద్దు.

ఒకసారి మా గ్రూపులో ఒక మామ్మగారు తెల్ల నేతచీర కట్టుకుని వచ్చారు. ఎర్ర కిటికీల ఎదురుగా బెంచీ మీద కూర్చున్నారు. కాసేపటికి ఆవిడ ఒళ్లో నారింజ రంగు మచ్చ పడింది, ఆవిడ దాన్ని అరచేత్తో కప్పి చూశారు, చెయ్యి రంగు మారింది. తర్వాత అది మెల్లగా మోకాలి మీదికి, అక్కణ్ణుంచి పక్క సీటు మీదికి జరిగింది. ఆవిడ మనవడు ఆ మచ్చ వెనకాలే జరుగుతూ కూర్చున్నాడు. వాళ్లు వేరే ఏమీ చూడలేదు, కొడుకు వచ్చి లేవండి మ్యూజియం ఉంది అంటే ఆవిడ నువ్వెళ్లి చూసిరా అన్నారు. నేను ఆ కొడుకుని పక్కకి పిలిచి వదిలేయమని చెప్పా.

మీ అమ్మగారు మెదక్ చర్చి చూసే ఉంటారు, కరీంనగర్ నుంచి మరీ దూరం కాదు. ఆ చర్చిలో రంగు అద్దాల మీద క్రీస్తు పుట్టుక, శిలువ, ఆరోహణం ఉంటాయి, పగటి వెలుతురు బయట నుంచి పడితేనే ఆ బొమ్మలు కనిపిస్తాయి, చీకటి పడితే ఏమీ ఉండదు. ఆవిడకి ఆ అద్దాలు గుర్తు చేయండి. ఇక్కడ తేడా ఏంటంటే కింది కిటికీల్లో బొమ్మలు పెద్దగా ఉండవు, అంతా రంగే, పేర్లు కొన్ని రాసి ఉంటాయి. పైకి పోయేకొద్దీ అద్దం రంగు తగ్గి తెల్లగా అవుతుంది, కప్పు మీద మంచి వెలుతురు పడాలని అలా చేశారు.

టవర్ ఎందుకు వద్దన్నా

మూడు కారణాలు. ఆరేళ్ల లోపు పిల్లల్ని టవర్‌లోకి రానివ్వరు, మీ చిన్నవాళ్లకి నాలుగే, అంటే ఎవరో ఒకరు కింద ఆగాలి. రెండోది, పైకి లిఫ్ట్ ఉంటుంది కానీ దిగేది మెట్ల మీదే, 300కి పైగా మెట్లు, గిరగిరా తిరిగే సన్నటి మెట్లు, ఒక మనిషి పట్టేంత వెడల్పు, మధ్యలో ఆగి పక్కకి తప్పుకుందామంటే చోటుండదు, వెనక జనం వస్తుంటారు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి ఎక్కడం కంటే దిగడమే కష్టమని మీకు నేను చెప్పక్కర్లేదు. మూడోది, గాలి ఎక్కువున్నా వర్షం పడినా లిఫ్ట్ ఆపేస్తారు, టవర్ డబ్బు వెనక్కిస్తారు గానీ మీ ప్లాన్ పోతుంది.

మీకూ మీ ఆవిడకీ మరీ మనసుంటే పెద్దబ్బాయిని తీసుకుని ఒకళ్లు ఎక్కండి, ఇంకొకళ్లు అమ్మగారితో, చిన్నవాళ్లతో కింద ఉండండి. అప్పుడు నేటివిటీ వైపు (క్రీస్తు పుట్టుక కథ ఉన్న వైపు) టవర్ తీసుకోండి, గౌడీ బతికుండగా మొదలైన వైపు అది, రాతి పని దగ్గరగా కనిపిస్తుంది. కానీ ఊరి వ్యూ కోసమే అయితే బార్సిలోనాలో కొండలున్నాయి, మోంజుయిక్ మీదికి కేబుల్ కారే ఉంది, అమ్మగారు కూడా కూర్చుని చూస్తారు. ఆ పది యూరోలు అక్కడ పెట్టుకోండి.

ముందు బయట, తర్వాత లోపల

స్లాట్‌కి నలభై నిమిషాల ముందే చేరండి. మెట్రో దిగితే ఎదురుగానే చర్చి, స్టేషన్ పేరు కూడా సగ్రడా ఫామిలియానే, ఊదా రంగు ఎల్2, నీలం ఎల్5 రెండూ ఆగుతాయి. లిఫ్ట్ ఉన్న ఎగ్జిట్ చూసుకుని రండి, మెట్లు తప్పుతాయి. ఒక జాగ్రత్త, టాక్సీలో వెళ్తే కేథడ్రల్ అనకండి. బార్సిలోనా కేథడ్రల్ వేరే ఉంది, పాత ఊళ్లో. సగ్రడా ఫామిలియా బసిలికా, అంటే పోప్ ప్రత్యేక హోదా ఇచ్చిన చర్చి, 2010 నవంబర్ 7న పోప్ బెనెడిక్ట్ 16 వచ్చి ప్రతిష్ఠ చేశారు. మాకు తెలిసిన ఒక కుటుంబం అలాగే కేథడ్రల్ అని చెప్పి అక్కడ దిగి, మళ్లీ ఇటు పరిగెత్తుకొచ్చేసరికి స్లాట్ దాటిపోయింది. (ఆ కేథడ్రల్ కూడా మర్నాడు చూపించండి, ఆవరణలో 13 బాతుల్ని, అంటే గూస్‌లని, పెంచుతారు, చిన్నవాళ్లు కదలరు.)

లోపలికి వెళ్లేది నేటివిటీ వైపు నుంచే, క్రీస్తు పుట్టుక కథ ఉన్న ముఖద్వారం. ఎదురుగా రోడ్డు దాటితే పార్కు, చెరువు, బెంచీలు ఉన్నాయి. అమ్మగారిని అక్కడ కూర్చోబెట్టి, పిల్లలకి ఒక్కొక్కటీ వెతికే పని పెట్టండి. రెండు పెద్ద స్తంభాల కింద రెండు తాబేళ్లు ఉంటాయి, సముద్రం వైపున్నది సముద్రపు తాబేలు, కొండ వైపున్నది నేల తాబేలు. కాళ్లు చూసి ఏది ఏదో చెప్పమనండి. పైన పచ్చటి సరుగుడు లాంటి సైప్రస్ చెట్టు, దాని నిండా తెల్ల పావురాలు. కోళ్లు, గాడిద, పాటలు పాడే పిల్లలు, వాయిద్యాలు పట్టుకున్న దేవదూతలు. ఈ కోళ్లనీ గాడిదనీ గౌడీ ఊహించి చెక్కించలేదు, నిజం జంతువుల్ని తెప్పించి అచ్చు పోయించాడు, గాడిదని కదలకుండా ఉండటానికి పట్టీలు వేసి పైకి లేపారట. ఇది చెప్తే తొమ్మిదేళ్ల పిల్లలు గాడిద కనపడేదాకా వదలరు.

తలుపుల దగ్గర ఆగండి, చాలామంది టికెట్ స్కాన్ చేయించుకుని తలెత్తి పైకి చూస్తూ వెళ్లిపోతారు. ఆ తలుపుల నిండా ఐవీ తీగ ఆకులు, వాటి మీద పురుగులు, బీటిల్స్ ఉంటాయి. ఎత్సురో సొతో అని జపాన్ శిల్పి చేసినవి. ఆయన ఇక్కడికి వచ్చి రాళ్లు చెక్కుతూ ఉండిపోయి, తర్వాత కేథలిక్ మతం తీసుకున్నాడు. నాలుగేళ్ల పిల్లల కంటి ఎత్తుకి సరిగ్గా పురుగులు కనపడతాయి, మీ చిన్నవాళ్లకి మొత్తం చర్చిలో నచ్చేది ఇదే అని నా నమ్మకం.

క్యూలో ఎయిర్‌పోర్ట్‌లో లాగా బ్యాగులు స్కాన్ చేస్తారు. పెద్ద బ్యాగులు, కూరగాయలు కోసుకునే చాకు లాంటివి తెచ్చుకోకండి, పళ్లు కోసుకోవడానికని మనవాళ్లు బ్యాగులో మర్చిపోతుంటారు.

చీర, బొట్టు, చెప్పులు

డ్రెస్ నియమం ఉంది గానీ మనకి కష్టమేం కాదు. భుజాలు కప్పి ఉండాలి, షార్ట్స్ అయినా స్కర్ట్ అయినా తొడ సగం దాకా రావాలి, లోపల టోపీ తీసేయాలి. చీరకి, పంజాబీ డ్రెస్‌కి ఏ అభ్యంతరం లేదు, బొట్టు, పూలు ఏవీ ఎవరూ పట్టించుకోరు. జూన్ ఎండకి మీ ఆవిడ స్లీవ్‌లెస్ వేసుకుంటే ఒక చున్నీ పెట్టుకోమనండి. చెప్పులు మాత్రం విప్పకూడదు. మన దగ్గర మెదక్‌లో అయినా ఊరి చర్చిలో అయినా బయటే విప్పి వెళ్తాం, పెద్దవాళ్లు ఇక్కడ గుమ్మం దగ్గర అలవాటుగా విప్పబోతారు, అక్కడి పద్ధతి చెప్పులతోనే అని ముందే చెప్పి ఉంచండి, లేకపోతే తప్పు చేస్తున్నామేమో అని లోపలున్నంతసేపూ వాళ్ల మనసు అక్కడే ఉంటుంది.

హిందువులం కదా అన్నారు. నా గ్రూపుల్లో అందరూ ఉంటారు, తులసిమాల వేసుకున్నవాళ్లు, బైబిల్ పట్టుకొచ్చే గుంటూరు ఆంటీలు, హైదరాబాద్ ముస్లిం కుటుంబాలు, అందరూ లోపల ఒకేలా నిశ్శబ్దం అయిపోతారు. అమ్మగారికి చేతులు జోడించాలనిపిస్తే జోడించుకోమనండి. ప్రార్థన చేసుకునేవాళ్లకి ప్రత్యేకంగా చోటు ఉంటుంది, అక్కడ మాటలు, ఫోటోలు వద్దు.

లోపల ఏం చేయాలి

మధ్యలో, నాలుగు ఎర్ర స్తంభాలు ఉన్న చోటికి వెళ్లి ఒకసారి తలెత్తి చూడండి. ఆ స్తంభాల మీద వెలిగే గుండ్రటి బొమ్మలు నాలుగు: మనిషి, సింహం, ఎద్దు, డేగ. నాలుగు సువార్తలు రాసిన మత్తయి, మార్కు, లూకా, యోహాను గుర్తులు. ఎద్దు ఎక్కడుందో చిన్నవాళ్లని వెతకమనండి. తర్వాత ఎర్ర కిటికీలు ఎదురుగా కనపడేలా కూర్చోండి, అంతే. ఫోన్ ఒక పది నిమిషాలు జేబులో పెట్టేయండి.

కథ ముందురోజు రాత్రే హోటల్లో అమ్మగారికి తెలుగులో చెప్పండి. ఇది తప్పకుండా చేయండి, ఆడియో గైడ్ కంటే వంద రెట్లు మేలు. పెద్దవాళ్లు ఏ కట్టడం చూసినా మొదట అడిగేది ఏ రాజు కట్టించాడు అని. ఇక్కడ రాజు లేడని చెప్పండి. మెదక్‌లో కరువు రోజుల్లో చార్లెస్ పోస్నెట్ అనే మిషనరీ జనానికి కూలి, తిండి ఇచ్చి చర్చి కట్టించినట్టు, ఇక్కడ చందాలు పోగేసి కట్టారని చెప్పండి. గౌడీ చివరి రోజుల్లో వేరే పనులన్నీ మానేసి ఇక్కడే వర్క్‌షాప్‌లో పడుకునేవాడు, చందాలు తనే అడిగేవాడు. 1926 జూన్ 7న ట్రామ్ గుద్దింది. బట్టలు చూసి ఎవరో బిచ్చగాడనుకున్నారు, బీదల ఆసుపత్రిలో చేర్చారు, మూడు రోజులకి చనిపోయాడు. చర్చి కిందే సమాధి చేశారు. 1936లో అంతర్యుద్ధంలో ఆయన వర్క్‌షాప్ తగలబెట్టి నమూనాలు పగలగొట్టేశారు, ఆ విరిగిన ముక్కలు ఏరి అతికించి, వాటిని బట్టి తర్వాతి వాళ్లు కడుతూ వస్తున్నారు. ఈ కథ విన్నాక అమ్మగారు ఆ హాల్లో కూర్చునే తీరే వేరుగా ఉంటుంది, నేను చూశాను కాబట్టి చెప్తున్నా.

ఓపిక మిగిలితే పాషన్ వైపు నుంచి బయటికి రండి, శిలువ కథ ఉన్న వైపు. సుబిరాక్స్ అనే శిల్పి 1987 నుంచి చేసిన పని, మనుషులు కోసుగా, ఎముకల్లా ఉంటారు, కొందరికి భయంగా అనిపిస్తుంది, నేటివిటీ వైపు ఎంత శాంతంగా ఉందో ఈ వైపు అంత కఠినంగా ఉండాలన్నది గౌడీ ఉద్దేశమే. అక్కడ గోడ మీద అంకెల పెట్టె ఉంది, నాలుగు అడ్డం, నాలుగు నిలువు. మొదటి వరస 1, 14, 14, 4. రెండోది 11, 7, 6, 9. ఎటు కూడినా 33, క్రీస్తు శిలువ ఎక్కినప్పటి వయసు. పెద్దబ్బాయికి అన్ని రకాలుగా కూడమని వదిలేయండి, అమ్మగారు కూర్చుని ఊపిరి తీసుకుంటారు.

మ్యూజియంలో ఒక్కటే చూడండి, టైం లేకపోతే. తాళ్లు వేలాడదీసిన నమూనా ఉంటుంది. తాడు రెండు చివర్లు పట్టుకుని వదిలితే అది తనంతట తను ఒక వంపు తిరుగుతుంది, ఆ వంపు తలకిందులు చేస్తే బరువు మోసే ఆర్చి అవుతుంది. గౌడీ వేరే చర్చి ఒకదాని కోసం ఇలా తాళ్లకి చిన్న చిన్న సంచుల్లో సీసం గుళ్లు కట్టి వేలాడదీసి, ఫోటో తీసి తిప్పి చూసేవాడు. ఇంటికెళ్లాక మీ ఆవిడ చున్నీతో మీ పిల్లలు అదే చేసి చూస్తారు.

కొన్ని జాగ్రత్తలు

చర్చి చుట్టూ, మెట్రోలో జేబుదొంగలు ఎక్కువ. తలెత్తి ఫోటో తీసేటప్పుడే బ్యాగు జిప్పు తీస్తారు. పాస్‌పోర్టులు ఒకరి దగ్గరే, బ్యాగు ముందు వైపు. అమ్మగారి మెడలో గొలుసులు హోటల్లో కాదు, జర్మనీలో మీ ఇంట్లోనే వదిలేయమనండి.

వెజిటేరియన్ అయితే ఆ చుట్టుపక్కల టొమాటో రుద్దిన బ్రెడ్డు ప్రతిచోటా దొరుకుతుంది, టోర్టిల్లా అంటే మెక్సికన్ రొట్టె కాదు, గుడ్డుతో చేసిన అట్టు, అడిగి తినండి. నేనైతే పొద్దున పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకోమంటా, ఎదురు పార్కులో బెంచీ మీద కూర్చుని తినొచ్చు, లోపలికి వెళ్లకముందే. పెరుగు ఏ సూపర్ మార్కెట్లో అయినా ప్లెయిన్ డబ్బాలు దొరుకుతాయి.

టికెట్ పెట్టడం మరీ కుదరని వాళ్లకి: ఆదివారం పొద్దున తొమ్మిదింటికి పెద్ద హాల్లో ప్రార్థన జరుగుతుంది, టికెట్ లేదు, సీట్లు నిండేదాకా రానిస్తారు. కానీ అది ప్రార్థన చేసుకునేవాళ్ల కోసం, మధ్యలో లేచి తిరగడం, ఫోటోలు తీయడం కుదరదు. క్రైస్తవ కుటుంబాలకి నేను తప్పకుండా చెప్తా, గంట ముందే వెళ్లి నిలబడమని. కేవలం డబ్బు మిగలడం కోసం నాలుగేళ్ల పిల్లలతో వెళ్లడం మాత్రం వద్దు, వాళ్లకీ నరకం, పక్కన ప్రార్థించేవాళ్లకీ ఇబ్బంది.

అయిపోయాక టాక్సీ ఎక్కేయకుండా గౌడీ అవెన్యూ మీద నడవండి, చర్చి మూల నుంచి ఏటవాలుగా వెళ్లే వీధి, మధ్యలో అంతా నడిచేవాళ్లకే, దారంతా బెంచీలు, కాఫీ కొట్లు. నిదానంగా పది పదిహేను నిమిషాలు. ఆ చివర సాన్ పావ్ పాత ఆసుపత్రి, అదీ యునెస్కో జాబితాలో ఉన్నదే, లోపలికి వెళ్లకపోయినా ముందు వైపు చూస్తే చాలు. వెనక్కి తిరిగితే వీధి చివర గోపురాలు మొత్తం కనిపిస్తాయి, ఫ్యామిలీ ఫోటో అక్కడ తీసుకోండి, కింద నిలబడి తీస్తే సగమే పడుతుంది.

మీ తేదీలు, హోటల్ ఏ ఏరియానో రాయండి, మెట్రో ఎక్కడ మారాలో, లిఫ్ట్ ఉన్న స్టేషన్ ఏదో చూసి చెప్తా. అమ్మగారు వీల్‌చెయిర్ వాడేంత నొప్పి అయితే అది కూడా చెప్పండి, లోపల నేల సమతలంగానే ఉంటుంది, ర్యాంపులున్నాయి, ప్లాన్ కొంచెం మారుతుంది.